పక్షి ఛాయాచిత్రంలో స్పష్టత: కొన్ని కారణాలు, కొన్ని ఉపాయాలు

లిపి నేర్చిన వారందరికీ తెలిసిన సంగతి ఒకటి కలదు. ఉర్దూలో జీమ్, హే, ఖే అనే అక్షరాల ఆకారం ఒక్కటే. చుక్క క్రింద ఉంటే జీమ్, పైన ఉంటే ఖే, అసలు లేకుంటే హే. తెలుగులో 'ద'కు, 'ధ'కు గల భేదం అడుగున గీసిన ఒక చిన్న గీత మాత్రమే. ఆ చుక్క, ఆ గీత అలుక్కుపోతే అక్షరం మారుతుంది. అక్షరంతో అర్థమూ మారుతుంది. పక్షుల ఛాయాచిత్రాల విషయం కూడా ఇట్టిదే. ఎదిగిన గూడబాతు పై ముక్కు వెంట చుక్కల వరుస కనబడితే అది చుక్కల ముక్కు గూడబాతు. ఆ చుక్కలు లేకుంటే తెల్ల గూడబాతు కావచ్చును. కాలికి తొడిగిన పట్టీపై గల అంకెలను చదువగలిగితే ఆ పక్షి ఏ దేశంలో, ఏ సంవత్సరంలో పట్టుబడి విడువబడినదో తెలుసుకొనవచ్చును. చిత్రం మసకబారితే ఈ సమాచారమంతా పోతుంది.

1931, 1932 సంవత్సరాలలో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినప్పుడు, ఆనాటి శాస్త్ర పద్ధతి ననుసరించి పక్షులను తుపాకితో కొట్టి, చర్మాలను భద్రపరచి నమూనాలుగా ఉంచవలసి వచ్చింది. చేతిలోని నమూనాయే ఆనాడు సాక్ష్యం. నేడు ఏటా జనవరి మాసంలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలోగాని, ఫిబ్రవరిలో విద్యాసంస్థల ఆవరణలలో జరిగే పక్షుల లెక్కింపులోగాని పాల్గొనే విద్యార్థి చేతిలో తుపాకికి బదులు కెమేరా ఉంటున్నది. నమూనా చేసే పనిని చిత్రం చేయవలసి వచ్చింది. కావున చిత్రంలోని స్పష్టత అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

మా విద్యార్థులు తాము తీసిన పక్షుల చిత్రాలను మాకు చూపుతూ సాధారణంగా చెప్పే మాట ఒకటే: "లెన్సు మంచిది కాదండీ, ఖరీదైనది ఉంటే బాగా వచ్చేది." మేము భాషా సాహిత్యాలు బోధించేవారమే గాని భౌతికశాస్త్రం బోధించేవారం కాము. అయినను కొన్ని సంవత్సరాలుగా టెలిఫోటో జూమ్ లెన్సును చేతపట్టుకొని చెరువు గట్ల వెంట తిరిగిన అనుభవంతో ఒక మాట చెప్పగలం. చిత్రం మసకబారడానికి కారణాలు ఐదు. చేయి, పక్షి, ఫోకస్, గాలి మొదటి నాలుగు, లెన్సు ఐదవది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క లక్షణం, ఒక్కొక్క చికిత్స కలదు. రోగమెరుగని వైద్యం ఎట్లు వ్యర్థమో, కారణమెరుగకుండా కొత్త లెన్సు కొనడం కూడా అట్లే వ్యర్థం.

చేతి కదలిక

లెన్సు పేరులోని మిల్లీమీటర్లు దాని నాభ్యంతరాన్ని తెలుపుతాయి. నాభ్యంతరం పెరిగిన కొలదీ దూరపు వస్తువు పెద్దదిగా కనబడుతుంది. దానితోపాటు చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. షట్టరు తెరచియున్న కాలంలో కెమేరా డిగ్రీలో 60వ వంతు మాత్రమే ప్రక్కకు తిరిగిందనుకొందాం. 30 మి.మీ. వద్ద బింబం సెన్సరుపై సుమారు 0.009 మి.మీ. జరుగుతుంది. 300 మి.మీ. వద్ద ఆ జరుగుబాటు 0.087 మి.మీ. విద్యార్థుల వద్ద సాధారణంగా కనబడే 24 మెగాపిక్సెళ్ళ ఏ.పి.ఎస్.-సి సెన్సరుపై ఒక్కొక్క పిక్సెలు వెడల్పు ఇంచుమించు 0.004 మి.మీ. అనగా మొదటి సందర్భంలో బింబం రెండు పిక్సెళ్ళు జరుగగా, రెండవ సందర్భంలో 22 పిక్సెళ్ళు జరిగింది. అదే చేయి, అదే వణుకు, ఫలితం పదింతలు.

ఫిలిం కాలం నుండి వస్తున్న ఒక సూత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. నాభ్యంతరం ఎంతో, షట్టరు వేగం సెకనులో కనీసం అన్నవ వంతు ఉండాలి. సెన్సరు చిన్నదైతే ఆ నాభ్యంతరాన్ని 1.5తో గుణించాలి. 300 మి.మీ. వద్ద అది 450 అవుతుంది కనుక 1/500 సెకను పెట్టుకోవాలి. ఇది కనీసపు మాటయే. చిత్రాన్ని తెరపై పెద్దది చేసి అంకెలు చదువదలచినవారు 1/1000 పెట్టుకోవడం మంచిది.

వేగం ఎంత ఉన్నా పట్టు సరిగా లేనిదే ప్రయోజనం తక్కువ. కుడిచేతితో కెమేరాను, ఎడమచేతితో కూడా కెమేరానే పట్టుకొనేవారిని మేము తరచు చూస్తాం. ఎడమ అరచేయి లెన్సు క్రింద, బరువు సమంగా తూగే చోట ఉండాలి. మోచేతులు రెండూ గాలిలో రెక్కలవలె చాచక ప్రక్కటెముకలకు ఆనించాలి. వ్యూఫైండరు గల కెమేరా అయితే దానిని కనుబొమకు ఆనిస్తే అది మూడవ ఆధారమవుతుంది. ఒక పాదం ముందుకు, ఒకటి వెనుకకు ఉంచి నిలబడాలి. వీలైతే కూర్చుని మోచేతులను మోకాళ్ళపై ఆనించడం, చెట్టుకు భుజం చేర్చడం ఇంకా మేలు. ఊపిరి సగం విడిచి, ఆ విరామంలో బటనును నొక్కాలి. ఆ నొక్కడం కూడా తలుపు తట్టినట్లు కాక, పండు మెత్తదనం చూచినట్లు ఉండాలి. వరుసగా నాలుగు చిత్రాలు తీస్తే, వ్రేలి కదలిక సోకని నడిమి రెండూ తరచుగా మొదటిదానికంటే తేటగా వస్తాయి.

150–600 మి.మీ. లెన్సులు కొన్ని ఇంచుమించు 2 కిలోల బరువు ఉంటాయి. అట్టి దానిని నిమిషాల తరబడి కంటి వద్ద ఎత్తిపట్టుకొంటే ఎంతటి చేతికైనా వణుకు పుడుతుంది. పక్షి నిదానంగా ఉన్నప్పుడు లెన్సును దించి, చేతికి విశ్రాంతినిచ్చి, అది కదలబోయే సూచన కనబడినప్పుడు ఎత్తడం నేర్చుకోవాలి.

నేటి లెన్సులలో చాలావాటికి వణుకును సరిదిద్దే ఏర్పాటు కలదు. దానిని స్టెబిలైజేషన్ అంటున్నారు. లెన్సులోని ఒక గాజు సముదాయమో, సెన్సరో చేతి కదలికకు ఎదురుగా జరిగి బింబాన్ని నిలుపుతుంది. బటనును సగం నొక్కి, వ్యూఫైండరులోని దృశ్యం కుదుటపడేవరకు అరక్షణం ఆగి, తరువాత పూర్తిగా నొక్కాలి. ఇది గొప్ప సహాయమే గాని, ఇది నిలిపేది మన చేతిని మాత్రమే. పక్షిని నిలిపే శక్తి దానికి లేదు.

పక్షి కదలిక

కొంగ ఒకటి సెకనుకు 10 మీటర్ల వేగంతో మన ముందునుండి అడ్డంగా ఎగిరిపోతున్నదనుకొందాం. 1/1000 సెకనులో అది ఒక సెంటీమీటరు కదులుతుంది. 30 మీటర్ల దూరంలో, 300 మి.మీ. లెన్సుతో చూచినప్పుడు ఆ సెంటీమీటరు సెన్సరుపై 0.1 మి.మీ. అవుతుంది, అనగా సుమారు 25 పిక్సెళ్ళు. కెమేరా కదలకుండా ఉంటే ఈ చిత్రం మసకబారక తప్పదు. నడుమునుండి పై శరీరమంతటినీ పక్షి వేగంతో త్రిప్పుతూ, త్రిప్పుట ఆపకుండానే బటనును నొక్కితే దేహం, తల నిలిచిపోతాయి. రెక్కల కొనలు మాత్రం అంతకంటె వేగంగా ఆడుతుంటాయి గనుక వాటికి ఇంకా తక్కువ కాలం కావాలి.

కొమ్మపై కూర్చున్న పక్షికి 1/500, నడుస్తూ మేసే పక్షికి 1/1000, తేలుతూ పోయే పెద్ద కొంగలకు, గూడబాతులకు 1/1250, చిన్న పక్షుల ఎగురుటకు 1/2000 లేక అంతకుమించి అని మేము మొదటి అంచనాగా పెట్టుకొంటాం. పాలపిట్ట తీగపై కూర్చున్నంతసేపు దాని రెక్కలలోని నీలివన్నెలు చాలవరకు దాగియుంటాయి. ఎగిరిన క్షణంలోనే అవి విప్పారుతాయి. ఆ క్షణం వరకు 1/500 వద్ద ఉండి, ఎగిరిన తరువాత వేగం మార్చుకొందామనుకొంటే ఆలస్యమే. ఎగురబోతుందని తోచినప్పుడే 1/2000కు మార్చి వేచియుండాలి.

వేగం పెంచితే వెలుతురు తగ్గుతుంది గనుక ఐ.ఎస్.ఓ. పెంచవలసి వస్తుంది, చిత్రంలో రేణువులు కనబడతాయి. చాలామంది ఈ రేణువులకు భయపడి ఐ.ఎస్.ఓ.ను 200 దగ్గరనే కట్టివేసి, షట్టరు వేగాన్ని పోగొట్టుకొంటారు. రేణువులు గల చిత్రంలో పట్టీపై అంకె తరచు చదువవచ్చును. కదలికతో అలుక్కుపోయిన అంకెను నమ్మదగిన విధంగా తిరిగి రప్పించే ఉపాయం లేదు. షట్టరు వేగాన్ని, ద్వారాన్ని తాము నిర్ణయించుకొని, ఐ.ఎస్.ఓ.ను కెమేరాకు వదలివేయడం ఉదయపు వేళ ఉత్తమమైన పద్ధతి.

ఫోకస్ తప్పడం

300 మి.మీ. లెన్సును ఎఫ్ 5.6 ద్వారంతో 10 మీటర్ల దూరంలోని పక్షిపై నిలిపినప్పుడు, తేటగా కనబడే లోతు సుమారు 25 సెంటీమీటర్లు. అది జానెడు మాత్రమే. దూరం 5 మీటర్లయితే ఆ లోతు 6 సెంటీమీటర్లకు, అనగా నాలుగు వ్రేళ్ళ వెడల్పుకు తగ్గుతుంది. పక్షి ముందు ఒక రెల్లుపుల్ల అడ్డం వస్తే కెమేరా ఆ పుల్లనే పట్టుకొంటుంది. పుల్ల తేటగాను, పక్షి మసకగాను వచ్చిన చిత్రాలు ప్రతి విద్యార్థి వద్దనూ ఉంటాయి.

ఇట్టి చోట కెమేరా తనంతట తాను బిందువును ఎన్నుకొనే పద్ధతిని మాని, ఒక్క చిన్న బిందువును మనమే ఎన్నుకొని దానిని పక్షి కంటిపై ఉంచాలి. కదిలే పక్షికి ఎడతెగక ఫోకస్ చేసే పద్ధతిని వాడాలి. ఇటీవలి మిర్రర్‌లెస్ కెమేరాలలో పక్షి కన్నును తానే గుర్తించే సదుపాయం గల రకాలు వచ్చాయి. అవి ఎంతో ఉపకరిస్తాయి గాని, దట్టమైన కొమ్మల మధ్య ఆ సదుపాయం కూడా పొరబడవచ్చును. కన్ను తేటగా ఉంటే తోక కొంత మసకబారినా చూచేవారు సహిస్తారు; కన్ను మసకబారితే మిగిలినదంతా తేటగా ఉన్నా ఆ చిత్రం జీవం లేనిదిగా తోస్తుంది.

జూమ్ లెన్సులో మరొక సౌకర్యం కలదు. పక్షిని మొదటనే 300 మి.మీ. వద్ద వెదకడం గడ్డివాములో సూదిని వెదకడమే. 100 మి.మీ. వద్ద దానిని కనుగొని, నడుమకు తెచ్చుకొని, తరువాత జూమ్ పెంచాలి. పెంచిన పిమ్మట ఫోకస్‌ను తిరిగి సరిచూసుకోవాలి.

గాలి చేసే మోసం

ఎండమావిని పుట్టించే గాలియే మన చిత్రాన్నీ చెరుపుతుంది. నేల వేడెక్కినప్పుడు దానిపైనున్న గాలి పలుచనై పైకి లేస్తుంది. చల్లని గాలి క్రిందికి దిగుతుంది. ఈ రెండింటి వక్రీభవన గుణకాలు వేరు గనుక, వాటి గుండా వచ్చే కాంతి క్షణక్షణమూ దారి తప్పుతుంటుంది. ఎండిన చెరువు నేలమీద, తారు రోడ్డుమీద, పైరు కోసిన పొలంమీద ఉదయం పది గంటలకే ఈ అలలు మొదలుకావచ్చును. షట్టరు వేగం పెంచినా, స్టెబిలైజేషన్ వాడినా, లక్షల ఖరీదు గల లెన్సు తెచ్చినా దీనికి చికిత్స లేదు. పొడుగు లెన్సులో దోషం మరింత పెద్దదిగా కనబడుతుంది కూడా.

దీనికి గల మందులు రెండే: వేళ, దూరం. సూర్యోదయం తరువాత రెండు గంటలలోపు పని ముగించుకోవాలి. సూర్యుడు మన వీపు వైపున ఉండేటట్లు నిలబడాలి. ఎండవేళ తప్పనిసరి అయితే వంద మీటర్ల దూరపు పక్షిని విడిచి, తనంతట తానే మన సమీపానికి వచ్చిన పక్షితో తృప్తిపడాలి. చలువ యంత్రం గల కారులోనుండి లెన్సును ఒక్కసారిగా తేమగాలిలోకి తీస్తే గాజుపై ఆవిరి పడుతుంది. సంచిలోనే కొంతసేపు ఉంచి, బయటి వేడికి అలవాటుపడిన పిమ్మట తీయాలి.

చివరకు లెన్సు

చౌకలో దొరికే 70–300 మి.మీ. జూమ్ లెన్సులు అనేకం 300 మి.మీ. వద్ద, ద్వారం పూర్తిగా తెరచినప్పుడు కొంత మెత్తని చిత్రాన్ని ఇస్తాయన్నది నిజమే. ద్వారాన్ని ఎఫ్ 5.6 నుండి ఎఫ్ 8కి తగ్గిస్తే తరచు ఆ లోపం చాలవరకు పోతుంది. వెలుతురు మాత్రం సగమవుతుంది. ఎఫ్ 16 వరకు పోతే కాంతి వివర్తనం చేత చిత్రం తిరిగి మెత్తబడుతుంది. లెన్సు ముందు బిగించిన నాసిరకపు ఫిల్టరును విప్పివేసి చూడాలి. ఎండ ప్రక్కనుండి పడకుండా హుడ్ తప్పక తగిలించాలి.

కంప్యూటరులో చిత్రాన్ని పదునుచేసే పద్ధతులు ఇప్పుడు ఎన్నో వచ్చాయి. కృత్రిమ మేధ సహాయంతో పనిచేసేవి కొన్ని మసక చిత్రంలో ఈకలను ఎంతో అందంగా తీర్చిదిద్దుతాయి. కాని ఆ ఈకలు పక్షి దేహంమీద ఉన్నవేనా, యంత్రం ఊహించి గీసినవా అని తెలియదు. గోడపై వ్రేలాడదీసే చిత్రానికి అది చెల్లవచ్చునేమో గాని, గణనలో సాక్ష్యంగా పంపే చిత్రానికి చెల్లదు. చెరిగిన అక్షరాన్ని తోచినట్లు పూరించి ఇదే మూలమని చెప్పే లేఖకుని ఏ పరిష్కర్త అయినా అంగీకరిస్తాడా?

ఒక చిన్న పరీక్ష

తన చేతి సంగతి తెలుసుకోగోరే విద్యార్థికి వార్తాపత్రిక ఒకటి చాలు. నీడలో ఉన్న గోడకు దానిని అంటించి, 10 మీటర్ల దూరం కొలిచి నిలబడాలి. మొదట కెమేరాను బల్లపై బియ్యపు సంచిమీద కదలకుండా కూర్చోబెట్టి, టైమరు సహాయంతో 300 మి.మీ. వద్ద ఒక చిత్రం తీయాలి. తెరపై పెద్దది చేసి చూచినప్పుడు చిన్న అక్షరాలలో 'ద'కు, 'ధ'కు భేదం తెలుస్తున్నదా? ఉర్దూ పత్రికలో చుక్కలు విడివిడిగా కనబడుతున్నాయా? కనబడితే లెన్సు నిర్దోషి. పూర్తి ద్వారంతో కనబడక ఎఫ్ 8తో కనబడితే దాని లోపం ఎంతో, మందేమిటో తెలిసినట్లే.

తరువాత కెమేరాను చేతపట్టుకొని 1/1000, 1/500, 1/250, 1/125 వేగాలతో ఒక్కొక్కదానికి పది చొప్పున చిత్రాలు తీయాలి. పదింటిలో తొమ్మిది చదువదగినవిగా వచ్చిన అతి తక్కువ వేగం ఏదో అదే ఆ విద్యార్థి హద్దు. ఒకరికి అది 1/1000 కావచ్చు, మరొకరికి 1/125 కావచ్చు. స్టెబిలైజేషన్ ఉంచి ఒకసారి, తీసివేసి ఒకసారి ఈ లెక్క వేసుకొంటే దాని వలన తనకు కలిగే లాభం కూడా తెలుస్తుంది.

ఇక చెరువు వద్ద తీసిన చిత్రం మసకగా వస్తే దానినే ప్రశ్నించాలి. కొమ్మ, ఆకు, పక్షి అన్నీ ఒకే దిశలో సాగి కనబడితే తప్పు చేతిది. కొమ్మ తేటగా ఉండి, దానిపై పక్షి మాత్రమే సాగితే కదిలినది పక్షి. పక్షికి ముందో వెనుకనో మరొక వస్తువు తేటగా ఉంటే ఫోకస్ తప్పింది. ఒకే భంగిమలో వరుసగా తీసిన చిత్రాలలో అంచులు ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధంగా అలలు తిరిగితే అది గాలి పని. ఈ నాలుగూ కానప్పుడే లెన్సును అనుమానించాలి.

కళాశాల పాలకవర్గం వారికి ఈ సందర్భంలో మా మనవి ఒకటి. ప్రతి విద్యార్థీ లెన్సు కొనలేడు, కొననవసరమూ లేదు. సాధారణమైన 70–300 మి.మీ. లెన్సును, దానికి తగిన కెమేరాను గ్రంథాలయంలో ఉంచి, పుస్తకాలవలెనే చీటీపై మూడేసి రోజులకు ఇచ్చే ఏర్పాటు చేస్తే పదిమందికి ఉపయోగపడుతుంది. వానకాలంలో లెన్సులోపల బూజు పట్టకుండా గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో భద్రపరచాలి. అధిక వ్యయంతో కూడిన పెద్ద లెన్సు కంటే, అందరికీ అందుబాటులో ఉండే చిన్న లెన్సే విద్యాసంస్థకు తగినదని మా అభిప్రాయం.

దగ్గరకు పోవడం గురించి

స్పష్టతకు అన్నిటికంటే సులువైన మార్గం దగ్గరకు పోవడమే. దూరం సగమైతే పక్షి రెట్టింపు పరిమాణంలో కనబడుతుంది, మధ్యనున్న గాలి సగమవుతుంది. అందుచేతనే ఈ మార్గంలో ప్రమాదమున్నది.

గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులోను, తిరుపతి జిల్లాలోని నేలపట్టులోను, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలోను గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకొంటాయి. ఉప్పలపాడు, తేలినీలాపురాలలో ఎర్రకాళ్ళ కొంగలు కూడా వాటితో కలిసి పిల్లలను పెంచుతాయి. మధ్యాహ్నపు ఎండలో తల్లి కొంగ రెక్కలు అర్ధంగా విప్పి, పిల్లలపై నీడ పట్టి నిలబడుతుంది. మనిషి మరీ సమీపించినప్పుడు అది లేచిపోతుంది. అప్పుడు ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోవచ్చు. గ్రుడ్లను కాకులు, గ్రద్దలు తన్నుకుపోవచ్చు. చిత్రం తీసినవాడు అప్పటికి ఇల్లు చేరి ఉంటాడు గనుక ఈ నష్టం అతనికి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గ్రుడ్లను, గూళ్ళను కలతపెట్టడాన్ని కూడా వేట అనే మాటకు చెప్పిన అర్థంలోనే చేర్చింది. తుపాకి లేకపోయినంత మాత్రాన వేట కాదనుకోవడానికి వీలు లేదు.

ఈ వ్యాసంలో చెప్పిన పట్టు, వేగం, ఫోకస్, వేళ అన్నీ నేర్చుకోవడంలోని ముఖ్య ప్రయోజనం మా దృష్టిలో ఇదే. చేయి కుదిరినవాడు నలభై మీటర్ల దూరం నుండి తీసిన చిత్రంలో కూడా గూడబాతు ముక్కుమీది చుక్కలను చూపగలడు. చేయి కుదరనివాడు ఆ చుక్కలకోసం గట్టు దిగి, బురదలో నడిచి, గుంపునంతా లేవగొట్టవలసి వస్తుంది. మేస్తున్న పక్షి మేత మాని మెడ నిక్కించి మన వైపు చూచినదంటే, మనం నిలబడవలసిన చోటును అది చెప్పినట్లే. అక్కడ ఆగాలి, అది తిరిగి మేతలో పడకుంటే రెండడుగులు వెనుకకు వేయాలి. అక్కడినుండి వచ్చిన చిత్రం ఎంత చిన్నదైనా దానినే భద్రపరచి, దాని ప్రక్కన తేదీ, వేళ, స్థలం, షట్టరు వేగం వ్రాసి ఉంచవలెనని మా విద్యార్థి మిత్రులను కోరుతున్నాము.